ఆటలో మునిగిన ఓడ

ఆ రాత్రి నేను చేసింది చాలా చిన్న పని. ఒక ఫైల్‌లో 4000 అన్న అంకెని 2500 చేశాను. సేవ్ కొట్టి మళ్లీ టెస్ట్ నడిపాను. ఎర్రగా ఉన్న లైన్ పచ్చగా మారింది. స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూప్‌లో పెట్టాను. వరసగా ఆరు థంబ్స్‌అప్‌లు వచ్చాయి. లాప్‌టాప్ మూసేసి హాయిగా పడుకున్నా.

లోడ్ టెస్ట్ అంటే తెలియని వాళ్లకి ఒక్క మాటలో చెప్తా. పెళ్లి భోజనాల్లో ఒకే బంతికి ఎంతమంది కూర్చుంటే వడ్డన ఆగిపోతుందో, పెళ్లికి ముందే ఉత్తుత్తి జనంతో చూసుకోవడం లాంటిది. మా కంపెనీ యాప్‌లో పెద్ద సేల్ పెట్టాం. సెకనుకి 4000 మంది పేమెంట్ బటన్ నొక్కితే డేటాబేస్ చేతులెత్తేస్తోందని ఆ టెస్ట్ చెప్పింది. సేల్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది. బాగుచెయ్యాలంటే కనీసం రెండు వారాలు పడుతుంది.

"అంత లోడ్ ఎక్కడొస్తుంది? రియలిస్టిక్ నంబర్ పెట్టండి" అన్నారు పైవాళ్లు. ఆ రియలిస్టిక్ నంబర్ ఏంటో ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టాను. అప్పుడు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే అడిగింది. అసలా టెస్ట్ రాసింది తనే.

"అన్నా, పోయిన సేల్‌లోనే మూడు వేలు దాటింది కదా?"

"అది అయిదు నిమిషాలేలే అమ్మా" అన్నాను.

సేల్ రోజు రాత్రి ఎనిమిదింటికి లోడ్ 3700కి వెళ్లింది. నలభై ఏడు నిమిషాలు యాప్ పడిపోయింది. జనాల డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్లు మాత్రం పడలేదు. మా ఆఫీసుల్లో ఇలాంటప్పుడు అందరూ చేరే కాల్‌కి ఓ పేరుంది. వార్ రూమ్ అంటాం. తెల్లారేదాకా అందులోనే ఉన్నాం. ఆ గొడవ తగ్గాక మర్నాడు అసలు మీటింగ్ జరిగింది. తప్పు ఎక్కడ మొదలైందో వెతికే మీటింగ్.

"ఈ టెస్ట్ రాసింది ఎవరు?" అని అడిగారు.

ఫైల్ మీద ఆ అమ్మాయి పేరుంది. అంకె మార్చింది నేనే అని హిస్టరీలో ఉంటుంది, కానీ అంత లోతుకి ఎవరూ వెళ్లలేదు. తను ఏదో చెప్పబోయి ఆగింది. నా మైక్ మ్యూట్‌లో ఉంది. తియ్యలేదు.

ఆ శుక్రవారం రాత్రి రైలెక్కి వైజాగ్ వెళ్లిపోయాను.

బీచ్ రోడ్డులో బాంబు

మా ఊళ్లో బీచ్ రోడ్డు మీద విశాఖ మ్యూజియం ఉంది. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు తీసుకెళ్లారు. అందులో జపాన్ వాళ్లు మన ఊరి మీద వేసిన బాంబు ఒకటి పెట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మకి అప్పుడు ఆరేళ్లు. "పెద్ద చప్పుడయ్యింది నాన్నా. మర్నాటికి వీధిలో సగం ఇళ్లకి తాళాలే. మేమూ బండి కట్టించుకుని పల్లెకి పోయాం" అని చెప్పేది. ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఇవేం తనకి తెలీదు. ఆ చప్పుడు మాత్రం ఎనభై ఏళ్లు గుర్తుంది.

శనివారం సాయంత్రం ఊరికే ఆ మ్యూజియంకి వెళ్లాను. ఆ బాంబు ముందు నిలబడితే ఒక సందేహం వచ్చింది. ఇంత దూరం వచ్చి కొట్టిన వాళ్లు మళ్లీ ఎందుకు రాలేదు?

ఆదివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ అప్పర్ బెర్త్ మీద పడుకుని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. తుని దాటేసరికి మిడ్‌వేలో ఉన్నాను.

రెండు నెలల తేడా

మన తీరం మీదకి వచ్చిన విమానాలు ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి ఎగిరాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ అసలు బలగం శ్రీలంక దగ్గర ఉంది. ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది. దాని నాయకుడు అడ్మిరల్ నగుమో. పెర్ల్ హార్బర్‌ని కొట్టింది కూడా ఆయన నౌకలే. ఆర్నెల్లుగా వాళ్లు ఎక్కడికెళ్తే అక్కడ గెలిచారు. శ్రీలంక దగ్గరున్న వాటిలో అకాగి, సోర్యు, హిర్యు అనే మూడు విమానవాహక నౌకలు, కాగా అనే ఇంకోదాన్ని కలుపుకుని జూన్‌లో పసిఫిక్ మధ్యలోని మిడ్‌వే దీవి మీదకి వెళ్లాయి. ఆ నాలుగూ తిరిగి రాలేదు.

ప్లాన్ అడ్మిరల్ యమమోటోది. మిడ్‌వే మీద దాడి చేస్తే దాన్ని కాపాడుకోవడానికి మిగిలిన అమెరికా విమానవాహక నౌకలు పరుగెత్తుకొస్తాయి, అప్పుడు ముంచెయ్యొచ్చు అని. ఆ ప్లాన్‌కి మే నెల మొదట్లో యమాటో అనే యుద్ధనౌక మీద రిహార్సల్ చేశారు. పెద్ద బల్ల మీద మ్యాప్ పరిచి ఆడే యుద్ధపు ఆట. ఒక జట్టు జపాన్, ఇంకో జట్టు అమెరికా. బాంబులు ఎన్ని తగిలాయో పాచికలు వేసి అంపైర్ చెప్తాడు. మన భాషలో చెప్పాలంటే లోడ్ టెస్ట్.

ఆ ఆటలో అమెరికా విమానాలు అనుకోని టైమ్‌లో వచ్చిపడ్డాయి. పాచికలు వేస్తే తొమ్మిది బాంబులు తగిలాయని తేలింది. అకాగి, కాగా రెండూ మునిగినట్టే. అప్పుడు ఆటని నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి, యమమోటోకి చీఫ్ ఆఫ్ స్టాఫ్, కలగజేసుకున్నాడు. తొమ్మిది కాదు, మూడే తగిలాయన్నాడు. దాంతో అకాగి బతికింది. కాగా మునిగింది. కాసేపటికి తర్వాతి దాడుల ఆట మొదలయ్యేసరికి ఆ మునిగిన కాగా కూడా మళ్లీ బల్ల మీదకి వచ్చేసింది. అక్కడున్న అధికారులే యుద్ధం అయ్యాక ఇదంతా రాశారు.

ఫోన్ పక్కన పెట్టేశాను. తొమ్మిదిని మూడు చేశాడు. నేను 4000ని 2500 చేశాను.

90 రోజుల పని, మూడు రోజుల్లో

నిద్ర రాలేదు. మళ్లీ ఫోన్ తీశాను.

అవతలి పక్క పెర్ల్ హార్బర్‌లో, ఒక బేస్‌మెంట్‌లో జోసెఫ్ రోష్‌ఫర్ట్ అనే అధికారి జపాన్ నౌకాదళం రహస్య సందేశాలని విప్పుతున్నాడు. మొత్తం అర్థమయ్యేవి కాదు, ముక్కలు ముక్కలుగా తెలిసేవి. "ఏఎఫ్" అనే చోటు మీద దాడి జరగబోతోందని తేలింది. అది మిడ్‌వే అని ఈయన నమ్మకం. వాషింగ్టన్‌లోని వాళ్లు నమ్మలేదు. అప్పుడు చిన్న ఎత్తు వేశారు. సముద్రం అడుగునున్న కేబుల్ ద్వారా మిడ్‌వేకి కబురు పంపి, "మా దగ్గర మంచినీళ్ల ప్లాంట్ పాడైంది" అని రేడియోలో మామూలు ఇంగ్లిష్‌లో చెప్పించారు. ఆ తర్వాత జపాన్ వాళ్ల సందేశం దొరికింది. ఏఎఫ్‌లో నీళ్ల కొరత అని.

అంటే వీళ్లు తమ అంచనాని కూడా టెస్ట్ చేశారు. తప్పని తేలే అవకాశం ఉన్న టెస్ట్. అడ్మిరల్ నిమిట్జ్ దాన్ని నమ్మి నౌకలని ముందే పంపించాడు. జపాన్ నౌకలు ఎప్పుడు ఎక్కడ కనిపిస్తాయో ఆయన ఇంటెలిజెన్స్ అధికారి లేటన్ ముందే చెప్పాడు. అంచనాకీ నిజానికీ వచ్చిన తేడా అయిదు డిగ్రీలు, అయిదు మైళ్లు, అయిదు నిమిషాలు.

ఇంకో విషయం. మే మొదటి వారంలో కోరల్ సీ దగ్గర జరిగిన యుద్ధంలో రెండు వైపులా దెబ్బ తగిలింది. అమెరికా నౌక యార్క్‌టౌన్ మే 27న కుంటుకుంటూ పెర్ల్ హార్బర్ చేరింది. బాగుచెయ్యడానికి 90 రోజులు పడుతుందన్నారు. వెయ్యి మందికి పైగా కార్మికులు రాత్రింబవళ్లు పనిచేస్తే మూడు రోజుల్లో, 30వ తేదీన, మళ్లీ బయల్దేరింది. అటు జపాన్ నౌక జుయికాకుకి దెబ్బే తగల్లేదు. విమానాలు, పైలట్లు మాత్రం చాలామంది పోయారు. వేరే చోటి నుంచి పైలట్లని తెచ్చి పంపొచ్చు. పంపలేదు. నాలుగు నౌకలు ఉన్నాయిగా, చాలు అనుకున్నారు.

జూన్ 4 ఉదయం. అమెరికా నౌక హార్నెట్ నుంచి వచ్చిన 15 టార్పెడో విమానాలు, పైన కాపాడే ఫైటర్లు లేకుండానే, జపాన్ నౌకల మీదకి వెళ్లాయి. పదిహేనూ కూలిపోయాయి. ముప్పై మందిలో ఒక్కడే బతికాడు. అతని పేరు జార్జ్ గే. ఆ తర్వాత ఎంటర్‌ప్రైజ్ నుంచి వచ్చిన మెక్‌క్లస్కీ దళానికి అనుకున్న చోట సముద్రం ఖాళీగా కనపడింది. పెట్రోల్ అయిపోతోంది. అయినా వెనక్కి తిరగలేదు. కింద ఒంటరిగా వేగంగా వెళ్తున్న ఒక జపాన్ డిస్ట్రాయర్ కనిపించింది. ఇది తన వాళ్ల దగ్గరికే వెళ్తూ ఉండాలి అనుకుని అదే దిక్కుకి వెళ్లాడు. దాదాపు అదే సమయానికి యార్క్‌టౌన్ విమానాలు ఇంకో వైపు నుంచి వచ్చాయి. పది గంటల ఇరవై నిమిషాలు దాటాక, కొద్ది నిమిషాల్లో కాగా, అకాగి, సోర్యు మూడూ మంటల్లో ఉన్నాయి. సాయంత్రానికి హిర్యు కూడా. అంతకు ముందే హిర్యు విమానాలు యార్క్‌టౌన్‌ని కొట్టాయి. ఒక సబ్‌మెరైన్ చేతిలో మళ్లీ దెబ్బతిని అది జూన్ 7న మునిగిపోయింది. జపాన్ వైపు మూడు వేల మందికి పైగా చనిపోయారు. అమెరికా వైపు మూడు వందలకి పైగా.

చాలా చోట్ల దీన్ని "చరిత్రని మార్చిన అయిదు నిమిషాలు" అని రాస్తారు. అదృష్టం లేదనను. ఆ డిస్ట్రాయర్ కనపడకపోతే ఏమయ్యేదో. కానీ ఆ రాత్రి నాకు అయిదు నిమిషాల కన్నా నెల ముందు బల్ల మీద జరిగిందే పెద్ద మలుపులా అనిపించింది. పాచికలు నిజమే చెప్తాయని కాదు. ఇలా కూడా జరగొచ్చని ఒక హెచ్చరిక ఎదురుగా వస్తే, దాని గురించి మాట్లాడుకోకుండా దాన్ని చెరిపేశారు.

ఓడిపోయాక కూడా అదే అలవాటు. ఒక్క విమానవాహక నౌకే మునిగిందని జనానికి చెప్పారు. గాయపడి వచ్చిన వాళ్లని ఎవరితోనూ కలవనివ్వకుండా ఆసుపత్రుల్లో విడిగా ఉంచారు. సముద్రం అడుక్కి పోయిన అకాగి, హిర్యు పేర్లని కొన్నాళ్లపాటు నౌకాదళ జాబితాలో అలాగే ఉంచారు. ఆటలో మునిగిన ఓడని తేల్చిన వాళ్లు, నిజంగా మునిగిన ఓడలని కాగితం మీద తేల్చారు.

మ్యూట్ తీశాక

నాకు తెలుసు, ఈ పోలిక అతిగా ఉంటుంది. అక్కడ వేల ప్రాణాలు పోయాయి. మా దగ్గర పోయింది నలభై ఏడు నిమిషాలు, కొన్ని రీఫండ్లు. కానీ అంకె మార్చిన చెయ్యి ఒకటే. దాచుకున్న నోరూ ఒకటే. మాది చిన్న సముద్రం, అంతే తేడా.

నిజం చెప్పిన వాడికి పూలదండ వేస్తారని కూడా అనుకోలేదు. రోష్‌ఫర్ట్ కథ చివరిదాకా చదివాను కదా. అంత చేసిన మనిషిని అదే ఏడాది అక్టోబర్‌లో పెర్ల్ హార్బర్ నుంచి తప్పించారు. తర్వాత ఓడలు బాగుచేసే ఒక డ్రైడాక్ పని అప్పగించారు. ఆయన 1976లో చనిపోయాడు. పతకం 1986లో వచ్చింది.

సోమవారం ఉదయం సికింద్రాబాద్‌లో దిగి, రూమ్‌కి వెళ్లకుండా నేరుగా ఆఫీసుకి వెళ్లాను. ఆ రిపోర్ట్ తెరిచి, "టెస్ట్ ఫెయిల్ అయింది. అంకె మార్చింది నేను. మార్చొద్దని తను చెప్పింది" అని మూడు లైన్లు రాసి, మీటింగ్‌లో ఉన్న అందరికీ పంపాను. మధ్యాహ్నం దాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు. ఆ ఏడాది నా రేటింగ్ ఏమైందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి సారీ చెప్పాను. ఏదో పెద్ద మాట అంటుందనుకున్నా. "నాలుగు రోజులు పట్టింది అన్నా నీకు" అంది. అంతే. ఆ నాలుగు రోజుల్లో తను ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిందని నాకు తర్వాత తెలిసింది. రెండు నెలలకి వెళ్లిపోయింది కూడా. నేను చెప్పింది మంచిదే కానీ, ఆలస్యంగా చెప్పాను.

వెళ్లేముందు తను ఆ ఫైల్‌లో చివరి మార్పు చేసింది. ఇప్పుడు అక్కడున్న అంకె 6000. టెస్ట్ రోజూ ఫెయిల్ అవుతుంది. రోజూ పొద్దున్నే డాష్‌బోర్డ్‌లో ఆ ఎర్ర లైన్ కనిపిస్తుంది. కొత్తగా చేరిన వాళ్లు అడుగుతుంటారు, "ఇది ఎప్పటినుంచో రెడ్‌లోనే ఉంది, తీసేద్దామా?" అని.

వద్దంటాను. బాగుచేసేదాకా అలాగే ఉండనివ్వమంటాను.