అంగడి యజమాని

అంగడి తనదైనవాడు తన సరకునే ముందుంచుకొనుట లోకసహజము. ఆ పక్షపాత మెంతవరకు మేలు?

1889లో జపాను దేశమందలి క్యోటో నగరమున పేకముక్కలు చేయు దుకాణముగా పుట్టిన నింటెండో సంస్థ, 1983లో ఫామికాం అను వీడియో ఆటల యంత్రమును వెలువరించెను. 1985లో అదియే మరొక పేర అమెరికా చేరెను. ఆ యంత్రమునకై ఆటలు కల్పింపగోరిన యితర సంస్థలకు నింటెండో కఠినమైన కట్టుబాట్లు విధించెను. అవి యేటికి ఐదాటలకు మించి వెలువరింపరాదు. ఆటలు నిక్షిప్తమగు కార్ట్రిడ్జిలను నింటెండోయే చేయించి యిచ్చును. వాని వెల ముందుగనే చెల్లింపవలెను.

1996లో నింటెండో 64 యంత్రము వెలువడినప్పుడును ఆ సంస్థ చౌకయైన సీడీలను కాదని, ఖరీదైన కార్ట్రిడ్జిలనే నిలుపుకొనెను. విశాలమైన తన యాట వానిలో ఇముడదని, చిరకాల మిత్రమగు స్క్వేర్ సంస్థ సోనీవారి ప్లేస్టేషనును ఆశ్రయించెను. ఫైనల్ ఫాంటసీ ఏడవ యాట 1997లో అచ్చటనే వెలువడెను.

షిగెరు మియమోటో ప్రతిభకు కొఱత లేదు. ఆయన తీర్చిన సూపర్ మారియో 64 కోటికి పైగా ప్రతులు చెల్లెను. అయినను నింటెండో 64 యంత్రములు సుమారు 3.3 కోట్లు మాత్రమే అమ్ముడయ్యెను. ప్లేస్టేషనులు 10 కోట్లు దాటెను.

తన సరకు మేలైనదగుట యజమానికి గౌరవమే. కాని పొరుగు వర్తకుడు కూడ బ్రతుకగలిగిననే అంగడి నిండుగ నుండును.