మా ఇంటి రేచీకటి

మేము ముగ్గురం అన్నదమ్ములం. మాది చాట్రాయి మండలంలో ఒక లంబాడీ తాండా. చుట్టూ మామిడి తోటలు. ముగ్గురం బండి నడిపాం. బండి మాత్రం ఒకటే, వాయిదాల మీద కొన్న చిన్న ట్రాలీ. మా ముగ్గురిలో ఇద్దరికి చీకటి పడితే కళ్ళు కనపడవు. ఈ మాట పదకొండేళ్ళు దాచాం. ఎలా దాచామో, ఎందుకు దాచామో తాండా పిల్లలకీ, వాళ్ళకు చదువు చెప్పే మాస్టార్లకీ తెలియాలని ఇప్పుడు రాస్తున్నాం.

మామిడి బండికి అసలు పని రాత్రిపూటే. ఉగాది దాటిన దగ్గర్నుంచి జూన్ దాకా ఇంతే. పొద్దున్నే చిక్కం కట్టిన గెడలతో కోత. కోసిన కాయను సొన కారనిచ్చి, సైజులు ఏరి, ట్రేలలో సర్దేసరికి సాయంత్రం. ఎండలో తీసుకెళ్తే కాయ వాడిపోతుంది. అందుకని పొద్దుగూకాక బండి కదులుతుంది. విస్సన్నపేట, నూజివీడు, ఆగిరిపల్లి, సూరంపల్లి, ఆ తర్వాత నున్న మార్కెట్టు. తెల్లారేసరికి సరుకు అక్కడుండాలి. బంగినపల్లి గానీ రసాలు గానీ కలెక్టర్ కాయ గానీ, అన్నిటికీ అదే దారి. ఈ మూడు నెలల రాత్రి కిరాయిలే మాకు ఏడాది బియ్యం, పిల్లల ఫీజులు, బండి వాయిదా. కళ్ళు కనపడని మనిషికి దొరికిన పని సరిగ్గా కళ్ళు కనపడని వేళ పని. నవ్వొస్తుంది గానీ నిజం అదే.

చిన్నప్పటి నుంచే తెలుసు. దీపాలు పెట్టే వేళకు మా యాడి మమ్మల్ని లోపలికి పిలిచేది. తక్కిన పిల్లలు వెన్నెట్లో ఆడుకుంటుంటే మాలో ఇద్దరు గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళు. పక్క ఊళ్ళో సినిమా వేస్తే చిన్నవాడి చొక్కా అంచు పట్టుకుని నడిచేవాళ్ళు. మంచం కోళ్ళు తగలని రోజు లేదు. పెద్దవాళ్ళు మునగాకు కూర వండి పెట్టారు, మేక కార్జం తినిపించారు, మామిడి పళ్ళు సరేసరి. అది తెలివి తక్కువ వైద్యమేమీ కాదు. కంటి వెనక రెటీనా పొరలో చీకట్లో చూసే కణాలు వేరు, పగలు రంగులు చూసే కణాలు వేరు. చీకట్లో చూసే కణాలకు విటమిన్ ఎ ఉండాలి. అది తగ్గితే రేచీకటి వస్తుంది, తగినంత అందిస్తే తగ్గుతుంది. మునగాకులో, కార్జంలో, పండిన మామిడిలో ఉన్నది అదే. 1970 నుంచి మన దేశంలో చిన్న పిల్లలకు చెంచాతో విటమిన్ ఎ ద్రావణం పోయిస్తున్నది కూడా ఇందుకే. కానీ మాకు ఎన్ని తిన్నా తగ్గలేదు. తగ్గకపోతే అది వేరే జబ్బు కావచ్చని ఆ రోజుల్లో మాకు చెప్పినవాళ్ళు లేరు.

బడిలో కంటి పరీక్ష చేశారు. పెద్దయ్యాక శిబిరాల్లోనూ చేశారు. గోడ మీద అక్షరాలు చివరి వరుస దాకా చదివేశాం. "కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నారు. ఆ మాట పట్టుకునే బండి నేర్చుకున్నాం.

లైసెన్సు కోసం ఫారం 1 అని ఒక కాగితం ఉంటుంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి బండి నంబరు చదవగలవా అని అందులో అడుగుతారు. చదవగలం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా అని అప్పట్లో అడిగేవారు. తెలుస్తుంది. ఆ పక్కనే రేచీకటి ఉందా అని ఇంకో ప్రశ్న. అక్కడ "లేదు" అని పెట్టాం. ఏజెంటు పెట్టాడని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం. ఏజెంటు పెట్టిన మాట నిజమే. కింద సంతకం మాది.

ఇక నడపడం. రాత్రి నడపడానికి మేము నేర్చిన ఉపాయాలు ఒక పుస్తకం అవుతాయి. దారి మొత్తం బట్టీ పట్టాం. ఏ మలుపు తర్వాత కల్వర్టు, ఏ తోట గేటు దగ్గర గుంట, ఎక్కడ గేదెలు అడ్డం వస్తాయి, అన్నీ. రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత ఉంటే దాన్నే చూస్తూ పోయేవాళ్ళం. ముందు ఒక లారీ దొరికితే దాని వెనక ఎర్ర లైట్లు పట్టుకుని నూజివీడు దాకా వెళ్ళిపోయేవాళ్ళం. ఎదుటి బండి అప్పర్ లైటుతో వస్తే డిప్పర్ కొట్టి, వాడు తగ్గించకపోతే వేగం తగ్గించి ఎడమకు ఒదిగేవాళ్ళం. అద్దం లోపలి వైపు కూడా రోజూ తుడవాలి, దుమ్ము పొర మీద ఎదుటి లైటు పడితే అద్దమంతా తెల్లగా అయిపోతుంది. ఇది కళ్ళు బాగున్నవాళ్ళకూ పనికొచ్చే మాటే. రోడ్డు పక్కన అమ్మే పసుపు రంగు కళ్ళద్దాలు కొన్నాం. ఏమీ లాభం లేదు, కంటిలోకి వచ్చే కాస్త వెలుతురునూ అవి తగ్గిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద ఉపాయం మా చిన్నవాడు. వాడి కళ్ళు మంచివి. పక్కన కూర్చుని "భియా, సైకిలు", "భియా, కుక్క", "ఎడమకు" అంటూ చెప్పేవాడు. వాడు ఒక్కడే రోజూ నడపొచ్చు కదా అంటారు. పగలంతా లోడు ఎత్తినవాడు రాత్రంతా ఎన్ని రోజులు నడుపుతాడు? పైగా సీజన్లో రోజూ ట్రిప్పు.

ఒక మే నెల రాత్రి విస్సన్నపేట దాటాం. స్టీరింగు మాలో నడిపివాడి చేతిలో ఉంది. చిన్నవాడికి కునుకు పట్టింది. ఎదురుగా లారీ, తెల్లటి ఎల్ఈడీ లైట్లు, డిప్పర్ కొట్టినా తగ్గించలేదు. లారీ దాటిపోయింది. మంచి కంటికైతే చీకటి మళ్ళీ కొద్ది క్షణాల్లో అలవాటవుతుంది. మాకు కాదు. నల్లగుడ్డ కప్పినట్టే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లంటే 33 మీటర్లు. చిన్నవాడు ఏ శబ్దానికి లేచాడో తెలియదు, "భియా, ట్రక్కు!" అని అరిచాడు. మొక్కజొన్న లోడుతో ఆగిపోయిన ట్రాక్టరు ట్రక్కు, వెనక లైటు లేదు, స్టిక్కరు లేదు. బండి ఎడమకు కోసుకుని మట్టిలోకి దిగి ఆగింది. ట్రేలు కూలాయి. కాయలు రోడ్డంతా.

ట్రక్కు వెనక ఇద్దరు కూలీలు తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నారు. మా చక్రం వాళ్ళకు మూడు అడుగుల దూరంలో ఉంది. అందులో ఒకామె పక్క తాండా మనిషి, మాకు వరసకు అత్త. లేచి కూర్చుంది. మమ్మల్ని ఏమీ అనలేదు. దగ్గరగా దొర్లిన ఒక బంగినపల్లి కాయ తీసి, కొంగుతో తుడిచి, ట్రేలో పెట్టింది.

దెబ్బ తిన్న కాయల డబ్బు షావుకారు కోసుకున్నాడు. ఏమైందిరా అని అడిగితే నిద్ర పట్టిందని చెప్పాం. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. నిద్ర పట్టిందంటే తిట్టి మళ్ళీ పిలుస్తారు. తాగామన్నా వారం మానేసి మళ్ళీ పిలుస్తారు. కళ్ళు కనపడవంటే ఇక పిలవరు. అందుకే మన డ్రైవర్లు తాగుబోతులమని ఒప్పుకుంటారు గానీ రేచీకటి అని ఒప్పుకోరు. మేమూ అంతే చేశాం.

ఆ వేసవి అయ్యాక విజయవాడ వెళ్ళి పెద్ద కంటి ఆసుపత్రిలో చూపించుకున్నాం, ముగ్గురం. కంట్లో చుక్కల మందు వేసి రెటీనా ఫొటో తీశారు. గిన్నె లాంటి మిషనులో తల పెట్టించి, మధ్య దీపాన్నే చూస్తూ పక్కన ఎక్కడ మెరిస్తే అక్కడ బటన్ నొక్కమన్నారు. నడిపివాడు చాలా చుక్కలు వదిలేశాడు. పెద్దవాడు అసలు మిషను పని చేయడం లేదేమో అన్నాడు. పని చేస్తూనే ఉంది. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు చీకటి చూపు పోతుంది, తర్వాత పక్క చూపు చుట్టూ నుంచి ముడుచుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. మధ్య చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. గోడ మీద అక్షరాలన్నీ ఎలా చదివామో అప్పుడు అర్థమైంది.

ఇది పుట్టుకతో వచ్చేది. మా యాడీ బాపూ మేనరికం. ఇద్దరి కళ్ళూ మంచివే, కానీ ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంది. ప్రతి కాన్పుకూ నాలుగో వంతు అవకాశం అన్నారు డాక్టరు. మా ఇంట్లో ముగ్గురిలో ఇద్దరికి పడింది. మందు ఉందా అని అడిగాం. ఒక్క రకం జన్యు లోపానికి 2017లో అమెరికాలో చికిత్సకు అనుమతి వచ్చింది, మిగతా రకాలకు ఇంకా లేదు. విటమిన్ ఎ బిళ్ళలు సొంతంగా మింగొద్దని, ఎక్కువైతే లివరు పాడవుతుందని కూడా చెప్పారు.

పెద్దవాడు అదే రోజు తాళం చెవి చిన్నవాడి చేతిలో పెట్టాడు. పక్క చూపు పోయినవాడికి పగలూ బండి ప్రమాదమే. పక్కనుంచి పరిగెత్తే పిల్లవాడు కనపడడు. నడిపివాడు అంత సులువుగా వదల్లేదు. ఒక సీజన్ పగటి కిరాయిలే నడిపాడు. మూడింటికల్లా లోడు పూర్తి చేస్తే చీకటి పడకముందే నున్న చేరుస్తానని షావుకార్లను బతిమాలాడు. ఇద్దరు ఒప్పుకున్నారు, తక్కువ రేటుకు. తర్వాత లైసెన్సు రెన్యువల్ వచ్చింది. ట్రాన్స్‌పోర్టు బండికి డాక్టరు సంతకం పెట్టే ఫారం 1ఎ కావాలి. ఈసారి డాక్టరుకు నిజం చెప్పాడు. సంతకం రాలేదు. ఆ రాత్రి ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

ఇప్పుడు వాడు తోటల్లో కాయ గ్రేడింగు, ట్రేల లెక్క చూస్తాడు. పెద్దవాడికి సదరం పరీక్ష అయింది. 2016 వికలాంగుల చట్టంలో అక్షరాలు చదవలేకపోవడమే కాదు, పక్క చూపు 40 డిగ్రీల లోపుకు ముడుచుకోవడం కూడా చూపు లోపమే. ఇది మాకు చెప్పింది మా ఊరి బడి టీచరమ్మ. ఆదాయం తగ్గింది, దాచేది లేదు. కిరాయికి పిలిచేవాళ్ళలో సగం మంది "మీ ఇంటి కళ్ళే కదా" అని చిన్నవాణ్ణీ మానేశారు. వాడి రిపోర్టు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మాస్టార్లకు ఒక మాట. హాస్టల్లో సాయంత్రం ప్లేటు తన్నుకునే పిల్లవాడు, చీకటి పడితే బయటికి రానని మొండికేసే పిల్ల, మసక వెలుతురులో బంతి కనపడక ఆటలోంచి తప్పుకునేవాడు, వీళ్ళు సోమరులూ భయస్తులూ కాకపోవచ్చు. గోడ మీద అక్షరాలు చదివించి వదిలేయకండి. సాయంత్రం వాళ్ళు చెప్పులు ఎలా వెతుక్కుంటారో చూడండి. మాకు ఇంత ఆలస్యమైంది గనక చెబుతున్నాం.

మా మేనకోడలి పెళ్ళి మాట వచ్చినప్పుడు, మేనరికం వద్దని ఈసారి మా యాడే అన్నది.

పెద్దవాడి కొడుక్కి వచ్చే నెల 18 నిండుతాయి. బండి వాడి ప్రాణం, తోటలో రివర్సు మాకన్నా బాగా చేస్తాడు. మొన్న కరెంటు పోయినప్పుడు గుమ్మం దగ్గర కడవకు తగులుకున్నాడు. కడవ అక్కడ లేదనుకున్నానన్నాడు. ముందు విజయవాడ పరీక్ష, తర్వాతే ఎల్‌ఎల్‌ఆర్ అన్నాం. వారమైంది, మా ముగ్గురితోనూ వాడు మాట్లాడటం లేదు.