రాగిరేకులో మిగిలిన రెక్క

అనువాదాలు చేసేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “సొంతంగా ఏమైనా రాశారా?” నన్నూ పలుమార్లు అడిగారు. జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది గానీ, ఈ మధ్య పదిహేడవ శతాబ్దపు డచ్చి ముద్రణచిత్రాలు చూస్తుంటే ఆ ప్రశ్న మళ్ళీ మెదిలింది.

ఆ ముద్రణల అడుగున తరచు రెండు లాటిన్ మాటలు కనిపిస్తాయి. ఒక పేరు పక్కన ‘పింక్సిట్’, అంటే చిత్రించెను. మరో పేరు పక్కన ‘స్కల్ప్‌సిట్’, చెక్కెను. మనకు గుర్తుండేది సాధారణంగా మొదటి పేరే.

ఆడమ్ ఎల్స్‌హైమర్ జర్మనీలో పుట్టి, రోములో స్థిరపడి, 1610లో ముప్ఫై రెండేళ్ళకే కన్నుమూసిన చిత్రకారుడు. గీసినవి కొద్ది, అవీ చాలావరకు చిన్న చిన్న రాగిరేకుల మీద. రోము చూడని ఉత్తరాది చిత్రకారులలో ఎందరికో ఆయన చిత్రాలు చేరింది యూట్రెక్ట్ వాసి హెండ్రిక్ హౌట్ చేతి మీదుగానే. (డచ్చివారు ‘గ’ను గొంతులోంచి ‘హ’లా పలుకుతారు, ‘గౌట్’ అని చదువుకున్నా తప్పులేదు.) రోములో ఎల్స్‌హైమర్ వద్ద ఉండి వచ్చిన ఈ హౌట్ మొత్తం మీద చెక్కినవి ఏడే ఏడు ఫలకాలు. ఏడూ ఎల్స్‌హైమర్ చిత్రాలకే.

వాటిలో 1613 నాటి ‘ఈజిప్టుకు పలాయనం’ చూడండి. మూలం మ్యూనిక్‌లో ఉంది: రాత్రివేళ, నిండుచంద్రుడు, నీటిలో అతని ప్రతిబింబం, ఆకాశంలో పాలపుంత. హౌట్ చేతిలో రంగు లేదు; ఉన్నది ఉలి ఒక్కటే. గీత పక్కన గీత, గీత మీద గీత, చూపు ఆనని దట్టంగా చెక్కుకుంటూ పోయి చీకటిని సృష్టించాడు. వెన్నెల కావలసినచోట చేయి ఆపాడు. అక్కడ మిగిలిన కాగితపు తెలుపే వెన్నెల. ఇంత నల్లని నలుపు మూలంలో లేదు. దీనిని నకలు అనడానికి నాకు నోరు రాదు.

అదే ఏడాది చెక్కిన మరొకటి, దేవదూత వెంట పెద్ద చేపతో నడిచే బాలుడు టోబియస్ చిత్రం. దాని మూలం నేడు లేదు. ‘సొంతం’ పోయింది, ‘అనుసరణ’ నిలిచింది.

ఆ ముద్రణను చూసి హెర్క్యులస్ సేహెర్స్ అనే హాలండు కళాకారుడు తన రాగిరేకు మీద మళ్ళీ టోబియస్‌ను గీశాడు, ప్రకృతిని తన ధోరణిలో మార్చుకుని. ఆ రేకు రెంబ్రాంట్ చేతికి చేరింది. సేహెర్స్ అంటే ఆయనకు మక్కువ. 1656లో ఆయన ఆస్తుల జాబితా రాసినప్పుడు సేహెర్స్ వర్ణచిత్రాలు ఎనిమిది తేలాయి. సుమారు 1653లో రెంబ్రాంట్ ఆ రేకు మీది టోబియస్‌ను, దేవదూతను గీకి, నునుపు చేసి, ఆ చోట మేరీని, జోసెఫ్‌ను, గాడిదను నిలిపాడు. అలా అదీ ‘ఈజిప్టుకు పలాయనం’ అయింది! హౌట్ చెక్కిన ఆ రెండో చిత్రం ఆయన మనసులో ఉండి ఉంటుందని నా ఊహ.

ఈ కథలో చాలామందికి రెంబ్రాంటే నాయకుడు. నా మనసు మాత్రం హౌట్ వైపే మొగ్గుతుంది. రెంబ్రాంట్ ప్రకృతిదృశ్యాన్ని చాలావరకు అలాగే ఉంచేశాడు. దేవదూతనైనా పూర్తిగా చెరపలేదు. ముద్రణను కాస్త పెద్దదిగా చేసి చూస్తే, ప్రయాణికుల తలల పైన చెట్ల గుబురులో, ఆకుల్లో కలిసీ కలవక, ఆ పెద్ద రెక్క ఇప్పటికీ కనిపిస్తుంది.