సున్నం గీతల దగ్గర

రండి, ఆ కుర్చీ కాస్త మంట దగ్గరికి లాక్కోండి. నిన్న మా పక్కింటి కుర్రాడు ఇదే కుర్చీలో దిగాలుగా కూర్చున్నాడు. అండర్-19 సెలెక్షన్స్‌లో పేరు రాలేదట. "బ్యాటు అటకెక్కించేస్తాను బాబాయ్, గ్రౌండుతో నా రుణం తీరిపోయింది" అన్నాడు. బ్యాటు సంగతి నీ ఇష్టంరా, గ్రౌండు మాత్రం వదలకు అన్నాను.

వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. 1983 జూన్ 25న లార్డ్స్‌లో కపిల్‌దేవ్ కప్పు పట్టుకున్న ఫొటో మీరు చూసే ఉంటారు. ఆ జట్టులో ఆటగాళ్ళు 14 మంది. వాళ్ళని చూసుకోడానికి వెళ్ళినవాడు ఒకే ఒక్కడు, మన హైదరాబాదు మనిషి పి.ఆర్. మాన్‌సింగ్. కోచ్ లేడు, ఫిజియో లేడు, డాక్టరూ లేడు. మేనేజరంటే అన్నీ ఆయనే. ఇవాళ ఆ ఒక్క కుర్చీ ఎన్ని కొలువులైందో చూడండి! ప్రయాణాలకి ఒకరు, పత్రికలవాళ్ళతో మాట్లాడ్డానికి ఒకరు, వీడియోలు చూసి లెక్కలు తీసే ఎనలిస్టు ఒకరు, ఫిజియో, ట్రైనర్.

రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మిగారూ గ్రౌండు వదల్లేదు. క్రికెట్ ఆడారు, ఆ తరవాత మ్యాచ్ రిఫరీ అయ్యారు. 2019 డిసెంబరులో షార్జాలో యూఏఈ, అమెరికా మగవాళ్ళ వన్డేకి రిఫరీగా నిలబడ్డారు. అంతకుముందు ఏ దేశంలోనూ ఏ ఆడమనిషీ మగవాళ్ళ వన్డేకి ఆ పని చెయ్యలేదు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంత దూరం ఎందుకు, మా హైస్కూలు డ్రిల్లు మాస్టారినే తీసుకోండి. స్పోర్ట్స్ డే ముందు తెల్లారగట్ల సున్నం బకెట్టుతో ట్రాక్ గీసేవారు, తాడు రెండో కొస నా చేతిలో. లైను వెడల్పు 1.22 మీటర్లయితే, ఒక చుట్టు పందెంలో రెండో లైనువాణ్ణి మొదటివాడికంటే 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి, వాడు తిరిగే మలుపు పెద్దది కనక. ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క మారదు. మాస్టారు మూడుసార్లు టేపు పెట్టి కొలిచేవారు. అక్కడ తప్పితే ఓ పిల్లవాడు అన్యాయంగా ఓడిపోతాడు మరి.

ఇలాంటి పనులు నేర్పడానికి ఇప్పుడు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏలు వచ్చాయి, మంచిదే. కోచింగ్ వైపైతే పాటియాలా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్ (ఎన్.ఐ.ఎస్.) 1961 నుంచీ ఉంది. అయితే నా మాట ఒకటే: ఫీజు కట్టేముందు రెండు టోర్నమెంట్లు దగ్గరుండి నడిపి చూడాలి. వాన పడితే మ్యాచ్ ఎప్పటికి జరపాలో, రెండు జట్లూ ఒకే రంగు బనీన్లతో దిగితే ఏం చెయ్యాలో, మంచినీళ్ళ డ్రమ్ము ఎక్కడ పెట్టాలో చేతులారా చేస్తేనే వస్తుంది.

అందుకే సంక్రాంతి కబడ్డీ పోటీల ఫిక్చర్, అంటే ఎవరితో ఎవరు ఆడాలో, ఎవరు మొదటి రౌండు ఆడకుండా 'బై'తో పైకెళ్ళాలో చెప్పే పట్టిక, ఆ పక్కింటి కుర్రాడికే అప్పజెప్పాను. ఇందాక ఫోన్ చేశాడు.

"బాబాయ్, 11 జట్లొచ్చాయి. బైలు ఎన్ని ఇవ్వాలి?"

నేను నోరు తెరిచేలోపే, "ఆగండాగండి... 16లోంచి తీసెయ్యాలి కదూ? అయిదు!" అన్నాడు. వెనకాల కాయితం మీద స్కేలు పెట్టి గీతలు గీస్తున్న చప్పుడు.