పదహారు బైట్ల ‘అ’

అల్ రయ్యాన్‌లో వేసవి సెలవులంటే ఎండకు భయపడి పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఈసారి మా అమ్మాయికి డాస్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం నేర్పాను. “ఈ కాలంలో డాస్ ఎందుకండీ?” అని మిత్రులు నవ్వారు. 1994లో మొదలైన ఫ్రీడాస్ ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతోంది మరి!

మొదటి ప్రోగ్రాము 7 బైట్లే. నడిపితే తెరమీద ఇంగ్లీషు ‘ఏ’ వచ్చింది. “తెలుగు ‘అ’ రాదా నాన్నా?” అంది. డాస్‌లో అక్షరానికి ఒకే బైటు, అంటే మొత్తం 256 గుర్తులు. వాటిలో తెలుగు లేదు. ఆ రోజుల్లో మన దేశంలో తెలుగు కావాలంటే కంప్యూటర్లో సీడాక్ వారి జిస్ట్ కార్డు బిగించుకునేవారు.

అయితే వీజీఏ తెరమీద అక్షరమంటే వరుసకు 8 చుక్కల చొప్పున 16 వరుసలు. వరుసకొక బైటు, మొత్తం 16 బైట్లు. వాటిని మార్చితే అక్షరం రూపం మారుతుంది. అమ్మాయి గళ్ళ కాగితం మీద ‘అ’ గీసింది. నింపిన గడికి 1, ఖాళీ గడికి 0. వంపు కుదరక ఎన్నిసార్లు చెరిపిందో! ఇద్దరం కలిసి ప్రోగ్రాము రాసి నడిపితే, తెరమీద ‘ఏ’ ఉన్నచోటల్లా ‘అ’ ప్రత్యక్షమైంది.

తెలుగు పలక పట్టమంటే మొరాయించే పిల్ల, ఇప్పుడు ‘ఆ’ ఎలా గీయాలని అడుగుతోంది. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు తెలుగు రావాలంటే, ముందు దానితో వాళ్ళకేదో పని పడాలి.