మా పెరట్లో వేప చిగురించింది!

మీ ఇంటికి వసంతం ఎప్పుడొస్తుంది? అదేం ప్రశ్న, ఉగాదికే కదా అంటారు. క్యాలెండర్లో అయితే అంతే. కానీ పెరట్లో నాలుగు మొక్కలున్న ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి, ఉగాదికి రెండు నెలల ముందే వచ్చి గోడ మీద కూర్చుంటుందని చెబుతుంది. బట్టలారేసేటప్పుడో, పోపుకి కరివేపాకు రెబ్బ తుంచేటప్పుడో మన కంటికే అది ముందు పడుతుంది. ఇంట్లో మిగతావాళ్ళకి ఫ్యాను వేసుకున్న రోజున గానీ తెలియదు!

మాది భువనగిరి. ఖిల్లా గుట్ట కనబడే వీధిలో పాత ఇల్లు. ఆ గుట్ట మొత్తం ఒకే రాయి. పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక ఆ వేడి తీరిగ్గా మా మీదికి వదులుతుంది. శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ పోతుందంటారు గానీ, మా వీధిలో చలికి అంత ఓపిక ఉండదు. ఇంటి వెనక చిన్న పెరడు. బట్టలుతికే బండ, నీళ్ళ గోలెం, దడి మీద చిక్కుడు తీగ, ఒక మల్లె పాదు, కరివేపాకు, మూలన మునగ, గోడ వారగా పెద్ద వేప. ఇంతే మా తోట!

ఆ వేప మా అత్తమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాటింది. మా మామయ్య ఎండాకాలమంతా దాని కిందే మంచం వేసుకునేవారు. రేడియో అక్కడే, చాయ్ అక్కడే, మనవలతో తగాదాలూ అక్కడే. 2021 మే నెలలో, ఆ కరోనా రోజుల్లో, ఆయన పోయారు. అప్పటి సంగతులు నేను రాయలేను, మీలో చాలామంది ఇళ్ళల్లోనూ జరిగినవే కదా.

అదే ఏడు వానాకాలం పోతూ పోతుండగా వేపచెట్టు కొమ్మల చివర్లు ఎవరో మంట పెట్టినట్టు మాడిపోయాయి. దసరా నాటికి సగం చెట్టు, దీపావళి దాటేసరికి దాదాపు చెట్టంతా గోధుమరంగు. మా ఒక్క ఇల్లే అనుకున్నాను మొదట. తర్వాత చూస్తే వీధి చివర గుడి దగ్గరి చెట్టూ అంతే, నల్లగొండ పోయే దారిలో చెట్లూ అంతే. ఆ ఏడు తెలంగాణ అంతటా వేపలు ఇలాగే ఎండిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది కొమ్మల చివర్లు ఎండే తెగులనీ, ఫోమాప్సిస్ అనే బూజు వల్ల వస్తుందనీ చెప్పారు. టీ దోమ అనే పురుగు కూడా దీనికి తోడైందట. అది లేత చిగుళ్ళను కుట్టి రసం పీలుస్తుంది, చెట్టు నీరసిస్తుంది, బూజు పని సులువవుతుంది. తేమ ఉన్నన్నాళ్ళు తెగులు పెరిగి, ఎండలు వచ్చాక తగ్గుతుందని, పెద్ద చెట్లు చాలావరకు తిరిగి చిగురిస్తాయని కూడా అన్నారు. మందులు చెప్పారు గానీ, రెండంతస్తుల ఎత్తు చెట్టుకి ఎవరు కొడతారు? కింద తాగే నీళ్ళ సంపు, పక్కన వంటిల్లు. పైగా పూత కోసుకుని తినే చెట్టు! నాకు మనసొప్పలేదు.

అయితే ఈ మాటలేవీ అత్తమ్మ చెవికెక్కలేదు. ఆమె లెక్క ఆమెది.

"ఇగ కొట్టించుండ్రి బిడ్డా. ఆయన ఎన్కనే పోతున్నది. అదొక్కతి ఉండి ఏం జేస్తది?" అంది.

మీరు గమనించారో లేదో, చెట్టుని ఆమె 'ఒక్కతి' అంది. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అప్పట్నుంచి ఆమె పెరట్లోకి రావడం మానేసింది. చాయ్ కూడా లోపలే, మంచం మీదే.

మావారిది ఇంకో బాధ. ఎండు కొమ్మ విరిగి పక్కింటి రేకుల మీద పడితే ఏం కాను? కట్టెలు కొట్టేవాణ్ణి మాట్లాడతానన్నారు. మన పెరట్లో చెట్టైనా సరే, నరకాలంటే వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలని నేను గుర్తు చేశాను. చట్టం మీద గౌరవం కంటే, నాలుగు రోజులు గడువు దొరుకుతుందన్న ఆశే ఎక్కువని ఒప్పుకుంటాను! చివరికి "ఉగాది దాకా ఆగుదాం, అప్పటికీ చిగురు రాకపోతే మీ ఇష్టం" అన్నాను. సరేనన్నారు.

2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. సంక్రాంతి నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ ఏడు మాకు పండగలు లేవు, ఏటిసూతకం కదా. ముగ్గు లేదు, సకినాలు లేవు. అందుకేనేమో, కళ్ళు మొక్కల మీదే ఉండేవి. ఏ ఏడూ చూడనంత శ్రద్ధగా చూశాను.

ముందు చిక్కుడు తీగ సెలవు తీసుకుంది. మీకూ తెలుసు, సంక్రాంతి దాటితే దానికి పేనుబంక పట్టుకుంటుంది. పొయ్యి బూడిద చల్లితే నాలుగు రోజులు ఆగింది గానీ, కాయ గిడసబారడం మొదలైంది. ఫిబ్రవరిలో రథసప్తమి. మామూలుగా అయితే చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేదాన్ని. ఆ రోజు ఆకులన్నీ తీగ మీదే ఉండిపోయాయి. ముదురు కాయలు మాత్రం విత్తనానికి తెంపి ఎండబెట్టాను.

తర్వాత కరివేపాకు. చలికాలమంతా అలిగినట్టు ఒక్క రెబ్బ వేయదు, ఉన్న ఆకు పసుపుబారి మచ్చలు పడుతుంది. ఇది చూసి చాలామంది చెట్టు పోయిందనుకుని పీకేస్తారు. తొందరపడకండి. ముదురు కొమ్మల తలలు తుంచి, మొదట్లో మట్టి గుల్ల చేసి, బియ్యం కడుగు నీళ్ళు, పలచన చేసిన పులిసిన మజ్జిగ వారానికొకసారి పోయండి. ఫిబ్రవరి సగమయ్యేసరికి కణుపు కణుపుకీ లేతాకుపచ్చ మొలక కనబడుతుంది. మల్లెకి జనవరిలోనే నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి ఉంచాను. రథసప్తమి నాడు పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టాను. మోడులా ఉన్న ఆ పొద చూసి మా పిల్ల "దీన్ని కూడా చంపేశావా అమ్మా?" అంది. నేనేం మాట్లాడలేదు.

మునగ పూత రాలి పొద్దున్నే గచ్చంతా తెల్లగా ఉండేది. ఊడవబోతే తేనెటీగలు గుయ్యిమంటూ లేచేవి. పక్కింటి మామిడి పూత వాసన మధ్యాహ్నం వేళ వంటింట్లోకి వచ్చేది. కంసాలి పిట్ట ఎక్కడో కూర్చుని టుక్ టుక్ మని సుత్తి కొట్టడం మొదలుపెట్టింది. ఇన్నిటికీ వసంతం వచ్చింది. వేప మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

మామూలు ఏళ్ళలో కూడా వేప ఈ రోజుల్లో ఆకు రాలుస్తుంది. అది పండి, పసుపై, గాలికి గలగలా రాలే ఆకు. దాన్ని ఊడ్చి ఊడ్చి నడుం పడిపోతుంది, మనం తిట్టుకుంటాం కూడా! తెగులు పట్టిన ఆకు అలా రాలదు. మాడి, ముడుచుకుని, కొమ్మను పట్టుకునే వేలాడుతుంది. రాలని ఆకును చూస్తే ఎంత దిగులో నాకు ఆ ఏడే తెలిసింది.

మా పుట్టింటి వాళ్ళకి బత్తాయి తోట ఉండేది. నల్లగొండ వైపు బత్తాయికి పేరు కదా. కరువులో చెట్లు ఎండినప్పుడు మా నాయిన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, బొటనవేలి గోటితో బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా తడిగా ఉంటే ప్రాణముందని, గోధుమరంగులో పొడిగా ఉంటే లేదని. అది గుర్తొచ్చి ఒకరోజు మావారు ఆఫీసుకి పోయాక స్టూలేసుకుని ఎక్కాను. పడమటి కొమ్మ గీకాను, పొడి. ఇంకా కిందికి గీకాను, పొడే. గుండె జారింది. తూర్పు కొమ్మ గీకాను. గోటికింద పచ్చగా తగిలింది! అక్కడే స్టూలు మీద ఏడుపొచ్చింది నాకు. అత్తమ్మకి చెప్పలేదు. ఆశ పెట్టి అది నిజం కాకపోతే?

మార్చి 1న శివరాత్రి. ఆ వారంలోనే ఒక పొద్దున గోలెం కడుగుతూ తలెత్తితే, చివర్లలో కాదు, మొద్దు మీదే, మామయ్య చొక్కా తగిలించుకునే మేకు పక్కన, రాగిరంగులో బుల్లి చిగురు! దగ్గరికెళితే ఒకటి కాదు, నాలుగు. చేతికి సబ్బు నురగ ఉండగానే లోపలికి పరుగెత్తాను. "అత్తమ్మా, ఒక్కసారి రా" అన్నాను. ఏమైందోనని గాబరాగా గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎన్ని నెలలకో పెరట్లోకి!

చిగురు చూపించాను. తుంచి నోట్లో వేసుకుంది. నమిలి, "చేదున్నది" అంది. అంతే. చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, అక్కడే బట్టల బండ మీద కూర్చుంది. ఆ పూట చాయ్ అక్కడికే తెప్పించుకుంది.

హోలీ నాటికి తూర్పు కొమ్మ మీద ఆకు నిండింది, ఆకు మధ్య మొగ్గ గుత్తులు. మల్లె మోడు కూడా అప్పటికి చిగురేసి మొగ్గ తొడిగింది, మా పిల్ల నోరు మూసుకుంది. మార్చి 28న యాదగిరిగుట్టలో కొత్త ఆలయం తెరిచారు. ఊరంతా బండ్లు కట్టుకుని పోతున్నట్టే ఉంది. సూతకం ఇల్లు కదా, మేం పోలేదు. ఆ రాత్రి పెరటి తలుపు తీస్తే వేపపూత వాసన. సన్నగా, తియ్యగా, ఆ చేదు చెట్టుకి అంత తియ్యటి వాసన ఎక్కడిదో!

ఉగాది తెల్లవారి మా వీధిలో పూసిన వేప మాదొక్కటే. మాకు పచ్చడి లేదు, బచ్చాలు లేవు. కానీ ఆరు గంటలకే పక్కింటి పిల్లవాడు గిన్నె పట్టుకుని వచ్చాడు. "అవ్వా, మా అమ్మ ఇంత యాపపువ్వు ఇయ్యమన్నది." వాడి వెనక ఇంకొకరు, తర్వాత ఎదురింటి వదిన. సూతకం ఇంటి నుంచి తీసుకోవచ్చా అని ఎవరో గొణిగారు కూడా. "చెట్టుకు సూతకమేంది? తీస్కపో" అంది అత్తమ్మ. చాటలో పువ్వు పోసుకుని, కాడలేరి, పాత పేపరు ముక్కల్లో పొట్లాలు కట్టి ఒక్కొక్కరికీ ఇచ్చింది. పది దాకా కట్టి ఉంటుంది.

మిగిలింది నీడలో ఎండబెట్టి డబ్బాలో పోసింది. మే నెలలో మామయ్య ఏడాది గడిచాక ఒకరోజు ఆమే పొయ్యి దగ్గరికొచ్చింది. చెంచా నెయ్యిలో ఆ పువ్వు నల్లబడేదాకా వేయించి, కాగిన చింతపండు చారులో చివర్న వేసి మూత పెట్టడం. ఇంతే ఆ చారు. ముందే వేస్తే చేదు దిగి మరీ ఘాటవుతుంది, జాగ్రత్త. అది మామయ్యకి ఇష్టమైన చారు.

పడమటి కొమ్మ తిరిగి రాలేదు, అనుమతి తీసుకుని ఆ ఒక్కటీ కొట్టించాం. ఇప్పటికీ వానాకాలం పోయేటప్పుడు చెట్టు ఏదో ఒక వైపు మాడుతూనే ఉంటుంది. నేను స్టూలు ఎక్కుతూనే ఉంటాను. మావారు మాత్రం కట్టెలవాడి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు చారన్నం తిన్నాక అత్తమ్మ కొడుకుని పిలిచి, అటక మీది నులక మంచం దింపి చెట్టు కింద వేయమంది.