కువైట్ చలికాలం: చేప లోపలికి, కుంపటి బయటికి

కువైట్‌కు పోయేవాళ్ల పెట్టె సర్దేటప్పుడు మా దువ్వూరు వైపు ఇళ్లలో ఒకసారి చూడండి. ఊరగాయ ఉంటుంది, చెనిక్కాయల పొడి ఉంటుంది, కారం ఉంటుంది. కంబళి మాత్రం ఉండదు. "ఎడారికి పోతూ కంబళి ఎందుకు?" అని నవ్వుతారు. ఆ నవ్వు జనవరి దాకానే.

ఎండ సంగతి నిజమే. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువపరచిన లెక్క అది. కానీ అదే దేశంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రిపూట వేడి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. ఎడారి లోపలైతే కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి కూడా వస్తుంది. పొడి ఇసుక పగలు ఎంత త్వరగా కాగుతుందో, రాత్రి అంత త్వరగా చల్లబడుతుంది. పైన మబ్బు ఉండదు కనుక ఆ వేడి నిలవదు. దానికి తోడు వాయవ్యం నుంచి గాలి. మన ఊళ్లో జనవరి తెల్లవారుజామున వణికామంటే 18, 19 డిగ్రీలకే వణికాం అన్నమాట.

వైద్యుడిగా నేను అక్కడ ఎనిమిది చలికాలాలు గడిపాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మైదుకూరు, ప్రొద్దుటూరు, రాయచోటి, రాజంపేట మనుషులు చాలామంది. డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, వఫ్రా తోటల్లో కూలీలు, ఎడారిలో గొర్రెలు కాసేవాళ్లు. యాస వినగానే "సార్, మీదీ కడపేనా?" అనేవారు. తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. ఈ సముద్రపు చేప తినవచ్చా? ఈ చలికి ఏం చేయాలి? ఈ రెంటికీ మీకు ఇక్కడ జవాబు చెబుతాను. రెండూ కలిసేచోట ఒక ప్రాణాపాయం ఉంది, దాన్నీ చెబుతాను.

చేపను చూసి కొనండి

మనకు చేప అంటే కుందూ నది చేప, కేసీ కాలవ చేప. కొరమీను, జెల్ల, బొచ్చె. సముద్రం మన జిల్లాకు లేదు. అందుకే కువైట్‌లో ముబారకియా బజారులోనో, షర్క్ తీరం దగ్గర చేపల మార్కెట్టులోనో మొదటిసారి నిలబడిన మనిషికి కళ్లు చెదురుతాయి. వాళ్లు జుబైదీ అనేది మన కోస్తావాళ్ల తెల్ల చందువే. రొయ్యలను రుబియాన్ అంటారు. హమూర్ అని ఇంకొక చేప ఉంది, ముల్లు తక్కువ, కండ ఎక్కువ.

తినండి, సంతోషంగా తినండి. మంచి మాంసకృత్తులు, అయోడిన్, గుండెకు మేలు చేసే కొవ్వు సముద్రపు చేపలో ఉంటాయి. కొవ్వున్న చేపల్లో డి విటమిన్ కూడా ఉంటుంది. రోజంతా నాలుగు గోడల మధ్య పనిచేసే ఆడవాళ్లకు ఇది ముఖ్యం.

"సముద్రపు చేప ఉప్పు కదా, రక్తపోటు పెరగదా?" అని అడుగుతారు. సముద్రంలో ఉన్నంత మాత్రాన చేప కండ ఉప్పగా మారదు. కూరలో ఉప్పు మనం వేసేదే. ఎండుచేప మాట వేరు, రక్తపోటు ఉన్నవాళ్లు దాన్ని తగ్గించాలి. చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందనే భయమూ చాలామందికి ఉంది. దానికి ఆధారం లేదు.

కొనేటప్పుడు నాలుగు గుర్తులు చూడండి. కన్ను మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. సముద్రపు వాసన ఉండవచ్చు, ముక్కు మండించే ఘాటు ఉండకూడదు. చేపను అన్నిటికంటే చివర కొనండి, ఐసులో పెట్టించుకుని నేరుగా గదికి పోండి. బయట చలిగా ఉందని చేపను మరిచిపోవద్దు. హీటరు పెట్టిన గదిలో మీకు ఎంత వెచ్చగా ఉంటుందో, క్రిములకూ అంతే.

కానాగంతలు, కవళ్లు, తూర వంటి చేపలు ఐసు లేకుండా నిలవుంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్లై, గుండె దడదడలాడుతుంది. మనవాళ్లు దీన్ని "చేప పడలేదు" అంటారు. నిజానికి పడనిది చేప కాదు, నిలవ.

రొయ్యలు నిజంగానే పడనివాళ్లూ ఉంటారు. అందులో దుమ్ముకు తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మొదటిసారి రెండు రొయ్యలతో ఆపి చూడండి. దద్దుర్లు రావడం, పెదవులు వాయడం, ఊపిరి బిగియడం జరిగితే ఇంటి వైద్యం వద్దు. కువైట్‌లో అత్యవసర ఫోను నంబరు 112.

చలికి గుడ్డలే మందు

లావుపాటి కోటు ఒకటి వేసుకోవడం కంటే పలుచనివి మూడు, ఒకదానిపై ఒకటి వేసుకోవడం మేలు. వాటి మధ్య నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. తలకు, చెవులకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు ఉండాలి. తెల్లవారకముందే కారు కడిగే డ్రైవర్లు రబ్బరు తొడుగులు వాడాలి, తడిసిన బట్ట వెంటనే మార్చాలి. తడిబట్ట ఒంటి వేడిని దొంగలా లాగేస్తుంది. దాహం లేకపోయినా నీళ్లు తాగండి.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. మాత్రలు అయిపోయాయని మానేయకండి. చలికాలం ఉదయం రొమ్ములో నొప్పి వస్తే గ్యాసు అని సోడా తాగి కూర్చోవద్దు.

ఇక అసలు సంగతి

ఒక జనవరి శుక్రవారం. సెలవు రోజు కనుక మనవైపు కుర్రవాళ్లు ముగ్గురు మిద్దెపైన బొగ్గుల కుంపటి రాజేసి జుబైదీలు కాల్చుకున్నారు. తృప్తిగా తిన్నారు. చలి పెరిగింది. నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి, పొగ లేదు. వృథా ఎందుకని కుంపటిని గదిలోకి తెచ్చుకుని తలుపు వేసి పడుకున్నారు. గాలి దూరకుండా కిటికీ సందుల్లో అదివరకే గుడ్డలు కుక్కి ఉన్నాయి. రాత్రి ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి వాంతి. చేప పడలేదనుకుని అలాగే పడుకున్నారు. తెల్లవారి పక్క గదివాళ్లు తలుపు తీయించేసరికి ఇద్దరికి ప్రాణం ఉంది. మూడోవాడికి లేదు. అతనికి 26 ఏళ్లు. చేప తిని చనిపోయాడని ఊరికి కబురు వెళ్లింది. ఆ చేపకు ఏ పాపమూ తెలియదు.

చంపింది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు మండేటప్పుడు పుట్టే వాయువు ఇది. రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగిపోయిన ఎర్రటి నిప్పుల నుంచి కూడా వస్తుంది. నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, ఒంటికి ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు.

"మా అవ్వ బాలింతల మంచం పక్కన కుంపటి పెట్టేది కదా, ఏం కాలేదే?" అని మీరు అనవచ్చు. మన పాత మిద్దెలకు పైన గవాచి ఉండేది, తలుపుల్లో సందులు ఉండేవి. అయినా అదీ మంచి అలవాటు కాదు. కువైట్ గది దుమ్ముకూ చలికీ భయపడి బిగించిన డబ్బా. శీతాకాలంలో ఎడారిలో వేసే గుడారాలూ అంతే. కుంపటి పక్కన గిన్నెడు నీళ్లు పెడితే చాలునని కొందరి నమ్మకం. ఆ నీళ్లు ఈ వాయువును పీల్చవు.

గుర్తు పట్టడం ఎలా? తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్లలో బలం లేకపోవడం. జ్వరం ఉండదు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వస్తుంది. ఆ చేప తిననివాడికీ వస్తుంది. బయటికి వస్తే తేలికపడుతుంది. అనుమానం రాగానే తలుపు బార్లా తెరవండి, పడిపోయినవాణ్ణి ముందు ఆరుబయటకు లాగండి, తర్వాత 112కు ఫోను చేయండి. వైద్యం ప్రాణవాయువే. మామూలు గాలిలో నాలుగైదు గంటలకు సగం దిగే విషం, ఆసుపత్రిలో మాస్కు పెట్టి ఇచ్చే ప్రాణవాయువుతో గంటన్నర లోపే సగానికి దిగుతుంది. తేలికపడిందని ఆసుపత్రికి పోకుండా ఉండవద్దు.

గది వెచ్చగా కావాలంటే కరెంటు హీటరు పెట్టుకోండి. దుప్పటికి మూడడుగుల దూరంలో ఉంచండి, నిద్రపోయే ముందు ఆపండి. ఇంజను ఆన్ చేసి మూసిన షెడ్డులో కారులో పడుకోవడమూ కుంపటితో సమానమే. చేపను ఆరుబయట కాల్చుకోండి, తిన్నాక నిప్పుల మీద నీళ్లు పోసి, చివరి ఎరుపు ఆరేదాకా చూసి లోపలికి పోండి.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ చలికాలం మీవాళ్లు ఫోను చేసినప్పుడు "ఏం తిన్నావు?" అని అడుగుతారు కదా. దాని వెంటనే "రాత్రి కుంపటి ఎక్కడ పెట్టినావు?" అని కూడా అడగండి. పెట్టెలో ఒక కంబళి పెట్టి పంపించండి.